18446744073709551615: ఒక పెద్ద సంఖ్యను విప్పి చూస్తే

అందరికీ నమస్కారం. బోర్డు మీద ఇరవై అంకెల సంఖ్య ఒకటి రాశాను: 18446744073709551615. ఈ గంటసేపూ మనకు ఇదే పని. మన పద్ధతిలో చదివితే ఇది ఒక లక్షా 84 వేల 467 కోటి కోట్లు, ఆపైన 44 లక్షల 7 వేల 370 కోట్లు, ఆపైన 95 లక్షల 51 వేల 615. ఇలా చదివితే ఎంత పెద్దదో తెలుస్తుంది కానీ ఎలాంటిదో తెలియదు. అదే సంఖ్యను 2⁶⁴ − 1 అని రాసి చూడండి. పుట్టుక తెలిసిపోయింది. పెద్ద సంఖ్య గుణాలు అంకెల్లో దొరకవు, అది తయారైన తీరులో దొరుకుతాయి. ఇవాళ చెప్పబోయేదంతా ఆ ఒక్క మాటకు రుజువే.

చదరంగం గళ్ల కథ మీకందరికీ తెలుసు. మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, అలా 64 గళ్లు. మొత్తం గింజలు ఇవే. వెయ్యి బియ్యపు గింజలు 20 గ్రాములు తూగుతాయనుకుంటే, అన్నీ కలిపి సుమారు 36,900 కోట్ల టన్నులు. ఫ్రాన్స్ గణితజ్ఞుడు ఎదువార్ ల్యూకా 1883లో బయటపెట్టిన హనోయ్ గోపురం ఆటలో 64 పళ్లేలు జరపడానికి కావలసిన ఎత్తులు కూడా ఇన్నే. సెకనుకు ఒక ఎత్తు వేసినా 58,450 కోట్ల సంవత్సరాల దాకా పడుతుంది. పరిమాణం గురించి ఇంతకన్నా చెప్పను. ఇక లెక్కలోకి వద్దాం.

ముందు ఈ సంఖ్యను చేత్తో రాబట్టడం. అరవై నాలుగు సార్లు రెట్టింపు చేయనక్కర్లేదు. పింగళుడు ఛందశ్శాస్త్రంలో చెప్పిన కిటుకు ఉంది: ఘాతాంకాన్ని సగం చేస్తూ పోవాలి, బేసి వస్తే ఒకటి తీసేయాలి. వెనక్కి వచ్చేటప్పుడు సగం చేసిన చోటల్లా వర్గం చేయాలి, ఒకటి తీసిన చోట 2తో హెచ్చవేయాలి. 64కు ఇది చాలా శుభ్రంగా నడుస్తుంది: 64, 32, 16, 8, 4, 2, 1. కాబట్టి 2 నుంచి మొదలుపెట్టి ఆరు సార్లు వర్గం చేస్తే చాలు. 4, 16, 256, 65536, 4294967296 దాకా ఐదు సార్లు అయింది. మిగిలింది ఆఖరి వర్గం ఒక్కటే.

ఆ ఒక్కటీ ఇక్కడ పూర్తిగా చేద్దాం, ఎందుకంటే తప్పు పడేది ఇక్కడే. 4294967296ను మధ్యకు విరవండి: 42949, 67296. మొదటి భాగం వర్గం 1844616601. రెండో భాగం వర్గం 4528751616. రెండింటి లబ్ధం 2890295904, దానికి రెట్టింపు 5780591808. ఇప్పుడు మొదటి వర్గం పక్కన పది సున్నాలు, రెట్టింపు లబ్ధం పక్కన ఐదు సున్నాలు పెట్టి, రెండో వర్గాన్ని ఉన్నదున్నట్టు ఉంచి మూడూ కలపాలి. 18446166010000000000కు 578059180800000 కలిపితే 18446744069180800000. దానికి 4528751616 కలిపితే 18446744073709551616. ఒకటి తీసేస్తే మన సంఖ్య. మధ్య పదాన్ని రెట్టింపు చేయడం మరిచిపోవడం, సున్నాలు ఐదుకు బదులు నాలుగు పెట్టడం, సాధారణంగా జరిగే పొరపాట్లు ఈ రెండే.

మన భాషలో ఈ ఇరవై అంకెలను ఒక్కటీ జారిపోకుండా మోసుకొచ్చిన పద్యం ఉంది. పావులూరి మల్లన పేరుతో ప్రచారంలో ఉన్న చదరంగం పద్యం అది. అంకెల బదులు అందులో వస్తువుల పేర్లు ఉంటాయి. వీటినే భూతసంఖ్యలంటారు. వరసగా చూడండి: శర 5, శశి 1, షట్క 6, చంద్ర 1, శర 5, సాయక 5, రంధ్ర 9, వియత్ 0, నగ 7, అగ్ని 3, భూధర 7, గగన 0, అబ్ధి 4, వేద 4, గిరి 7, తర్క 6, పయోనిధి 4, పద్మజాస్య 4, కుంజర 8, తుహినాంశు 1. ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి ఎడమ వైపుకు రాసుకుంటూ పోవాలి. బోర్డు మీది సంఖ్యతో పోల్చుకోండి, అక్షరాలా సరిపోతుంది.

అయితే ఇలాంటి పద్యం విప్పేటప్పుడు తప్పులు ఎక్కడ దొర్లుతాయో ముందే తెలిసి ఉండాలి. సముద్రాలు ఏడు అని మనకు నోటి అలవాటు. ఈ లెక్కలో మాత్రం అబ్ధి, పయోనిధి అంటే నాలుగు. ‘వియన్నగాగ్ని’ అన్న సమాసంలో నగాన్ని నాగంగా పొరబడితే కొండ కాస్తా ఏనుగై 7 పోయి 8 వస్తుంది. రంధ్రం అంటే తొమ్మిది, శరీరంలోని నవరంధ్రాలు. దాన్ని ఖాళీ అనుకుని 0 వేసేవాళ్లూ ఉండొచ్చు. మరి మనం విప్పింది సరైనదేనా అని నిర్ధారించుకోవడం ఎలా? వర్గం మళ్లీ కట్టనక్కర్లేదు. శేషాలు చూస్తే సరిపోతుంది.

2 ఘాతాలను వరసగా 9తో భాగిస్తే శేషాలు 2, 4, 8, 7, 5, 1 అని ఆరింటికోసారి తిరిగొస్తాయి. 64ను 6తో భాగిస్తే 4 మిగులుతుంది కాబట్టి నాలుగో శేషం, అంటే 7. ఒకటి తీస్తే 6. ఇప్పుడు మన అంకెలన్నీ కూడండి: 87. దాని అంకెల మొత్తం 15, ఆ 15 అంకెల మొత్తం 6. సరిపోయింది. సముద్రాలు రెండింటినీ ఏడేసి అనుకుంటే మొత్తం 93, శేషం 3, తప్పు బయటపడుతుంది. నగం నాగమైతే మొత్తం 88, శేషం 7, అదీ బయటపడుతుంది. కానీ రంధ్రం తప్పు దీనికి చిక్కదు. 9 పోయి 0 వచ్చినా 9తో వచ్చే శేషం మారదు కదా. పక్కపక్క అంకెలు తారుమారైనా మొత్తం మారదు కనుక అదీ చిక్కదు.

అప్పుడు 11 కావాలి. కుడి నుంచి ఒకటి, మూడు, ఐదు... ఇలా బేసి స్థానాల అంకెలు కూడితే 62, సరి స్థానాలవి కూడితే 25. తేడా 37, దాన్ని 11తో భాగిస్తే 4. రావలసినదెంత? 2¹⁰ను, అంటే 1024ను 11తో భాగిస్తే 1 మిగులుతుంది. కాబట్టి 2⁶⁴ను 2⁴లాగే చూసుకోవచ్చు. 16లోంచి 1 తీస్తే 15, శేషం 4. సరి. రంధ్రానికి 0 వేసి ఉంటే బేసి స్థానాల మొత్తం 53 అయ్యేది. తేడా 28, శేషం 6, దొరికిపోయేది.

రెండు పరీక్షలూ విడివిడిగా చేసే బదులు నాకు ఇష్టమైనది 1001 పరీక్ష. 1001 అంటే 7 × 11 × 13, కాబట్టి ఒక్క దెబ్బకు మూడు పరీక్షలు. సంఖ్యను కుడి నుంచి మూడేసి అంకెలుగా కోయండి: 615, 551, 709, 073, 744, 446, 18. ఒకటి కలుపుతూ ఒకటి తీసేస్తూ రండి: 615 − 551 + 709 − 73 + 744 − 446 + 18 = 1016. అంటే 1001 పోగా 15. ఇక రావలసినది చూద్దాం. 2 ఘాతాల శేషాలు 7తో మూడింటికి, 11తో పదింటికి, 13తో పన్నెండింటికి ఒకసారి తిరిగొస్తాయి. మూడూ కలిసేది 60 దగ్గర. అందుచేత 1001 విషయంలో 2⁶⁴, 2⁴ ఒకటే. 16 − 1 = 15. అచ్చంగా అదే. అంకెలు పక్కపక్కనే తారుమారైనా, ఒకటి విడిచి ఒకటి తారుమారైనా ఈ పరీక్ష పట్టేస్తుంది. సరిగ్గా ఆరు స్థానాల ఎడంలో తారుమారైతే మాత్రం పట్టలేదు. అందుకు కారణం 1000000ను 1001తో భాగిస్తే 1 మిగలడమే.

ఇప్పుడు కారణాంకాల దగ్గరకు వద్దాం. ఇరవై అంకెల సంఖ్య ఇచ్చి కారణాంకాలు కనుక్కోమంటే మామూలుగా గుండె జారుతుంది. దీని వర్గమూలమే 429 కోట్లు దాటుతుంది, అంతవరకూ భాగించుకుంటూ పోవాలా? అక్కర్లేదు. ఎనిమిదో తరగతిలో చదివిన సూత్రం ఒకటి చాలు: రెండు వర్గాల భేదం అంటే మొత్తం ఇంటూ భేదం. 2⁶⁴ − 1 అంటే (2³² + 1)(2³² − 1). రెండోది మళ్లీ (2¹⁶ + 1)(2¹⁶ − 1). మళ్లీ (2⁸ + 1)(2⁸ − 1). ఇలా దిగుతూ పోతే చివరికి మిగిలేది: 3 × 5 × 17 × 257 × 65537 × 4294967297.

ఈ ఆరింటినీ ఫెర్మా సంఖ్యలంటారు. ఒకటి నుంచి మొదలుపెట్టి రెట్టింపవుతూ పోయే ఘాతాలకు 2ను హెచ్చించి ఒకటి కలిపితే వచ్చేవి. ఇలాంటివన్నీ ప్రధాన సంఖ్యలేనని పియర్ ద ఫెర్మా 1640లో నమ్మాడు. మొదటి ఐదూ నిజంగానే ప్రధానాలు. ఆరోది 4294967297. 1732లో ఆయిలర్ దీన్ని 641 నిశ్శేషంగా భాగిస్తుందని చూపించాడు. భాగఫలం 6700417.

ఆయిలర్ 641ను ఎలా పట్టుకున్నాడన్నది ఈ ప్రసంగంలో నేను అన్నిటికన్నా ముఖ్యమనుకునే భాగం. కాస్త నిదానంగా వెళ్దాం. ‘ప’ అనే ప్రధాన సంఖ్య 2³² + 1ను భాగిస్తుందనుకోండి. అప్పుడు 2³²ను ‘ప’తో భాగిస్తే శేషం −1 (అంటే ప − 1) అన్నట్టు. దాన్ని వర్గం చేస్తే 2⁶⁴కు శేషం 1. 2 ఘాతాల్లో శేషం 1 వచ్చే మొట్టమొదటి చోటు 64కు భాజకమై ఉండాలి. అది 32 గానీ అంతకన్నా తక్కువ గానీ అయితే 2³²కు కూడా శేషం 1 వచ్చి ఉండేది, కానీ మనకు వచ్చింది −1. కాబట్టి మొదటి చోటు సరిగ్గా 64. ఇక ఫెర్మా చిన్న సిద్ధాంతం ప్రకారం 2ను (ప − 1) ఘాతానికి హెచ్చిస్తే శేషం 1. అందుచేత ప − 1ను 64 నిశ్శేషంగా భాగించాలి. అంటే ‘ప’ ఎప్పుడూ 64 గుణిజం కన్నా ఒకటి ఎక్కువగానే ఉంటుంది.

దీంతో పని ఎంత తగ్గిందో చూడండి. 65, 129, 193, 257, 321, 385, 449, 513, 577, 641. వీటిలో ప్రధానాలు 193, 257, 449, 577, 641. ఐదో ప్రయత్నానికి దొరికిపోయింది. ల్యూకా, హనోయ్ గోపురం ఆట పెట్టిన ఆయనే, 1878లో ఈ నియమాన్ని ఇంకా బిగించాడు. ‘ప’ను 8తో భాగిస్తే 1 మిగులుతుంది కాబట్టి ‘ప’ శేషాల ప్రపంచంలో 2కు కూడా వర్గమూలం ఉంటుంది. ఆ వర్గమూలం ఘాతాల్లో శేషం 1 మొదటిసారి వచ్చేది 128 దగ్గర. కాబట్టి ‘ప’ 128 గుణిజం కన్నా ఒకటి ఎక్కువ. అప్పుడు 641 కన్నా ముందు ప్రయత్నించవలసిన ప్రధానం 257 ఒక్కటే.

641 భాగిస్తుందని అసలు భాగహారమే చేయకుండా చూపొచ్చు. 641 = 5 × 128 + 1. కాబట్టి 5 × 2⁷కు శేషం −1. నాలుగో ఘాతానికి హెచ్చించండి, 5⁴ × 2²⁸కు శేషం 1. ఇప్పుడు 641ను ఇంకోలా రాయండి: 625 + 16, అంటే 5⁴ + 2⁴. కాబట్టి 5⁴ ఉన్నచోట −2⁴ పెట్టొచ్చు. −2⁴ × 2²⁸, అంటే −2³²కు శేషం 1. అంటే 2³² + 1ను 641 భాగిస్తుంది. ఇంతే రుజువు. నోట్సులో రాసుకోండి, మూడు వరుసలు పట్టదు.

మరి 6700417? ఇది ప్రధానమేనని ఎలా తెలుసు? దీని వర్గమూలం 2588కి కాస్త పైన. దీన్ని భాగించే ఏ ప్రధానమైనా 4294967297ను కూడా భాగిస్తుంది కనుక 128 నియమం దానికీ వర్తిస్తుంది. 2588 లోపల అలాంటి సంఖ్యలు ఇరవై. వాటిలో ప్రధానాలు ఐదే: 257, 641, 769, 1153, 1409. 257ను తీసేయొచ్చు, అది స్వయంగా ఫెర్మా సంఖ్య. రెండు వేర్వేరు ఫెర్మా సంఖ్యలకు ఉమ్మడి కారణాంకం ఉండదు. ఎందుకంటే వీటిలో ఏ ఒక్కదాన్ని తీసుకున్నా, దాని ముందున్నవన్నీ హెచ్చవేస్తే దానికన్నా రెండు తక్కువ వస్తుంది. ఉమ్మడి కారణాంకం ఉంటే అది 2ను భాగించాలి, అన్నీ బేసి సంఖ్యలైనప్పుడు అది కుదరదు. మిగిలిన నాలుగింటితో భాగించండి. 641తో శేషం 44, 769తో 120, 1153తో 334, 1409తో 622. ఏదీ సున్నా కాదు. నాలుగే నాలుగు భాగహారాలతో అరవై ఏడు లక్షల సంఖ్య ప్రధానమని తేలిపోయింది. సంఖ్య పుట్టుక తెలియకపోతే 2588 దాకా ఉన్న ప్రధానాలన్నిటితో భాగించుకుంటూ కూర్చోవలసి వచ్చేది.

ఇక్కడే ఒక హెచ్చరిక. ప్రధానమా కాదా అని చూడడానికి చాలామంది ప్రోగ్రాముల్లో వాడే తేలిక పరీక్ష ఉంది: 2ను (సంఖ్య − 1) ఘాతానికి హెచ్చించి ఆ సంఖ్యతో భాగించాలి, 1 మిగలకపోతే ప్రధానం కాదు, 1 మిగిలితే ప్రధానమై ఉండొచ్చు. 4294967297కు ఈ పరీక్ష పెడితే 1 మిగులుతుంది. మిగలక ఏం చేస్తుంది? 2⁶⁴ దగ్గరే శేషం 1 వచ్చేసింది, మనం హెచ్చించే ఘాతం 2³², అది 64కు గుణిజమే. అన్ని ఫెర్మా సంఖ్యలూ ఈ పరీక్షను ఇలాగే దాటుకుపోతాయి. కాబట్టి 2 ఘాతాల నుంచి పుట్టిన సంఖ్యను 2తో పరీక్షించకూడదు. 3తో పరీక్షించాలి. 4294967297తో 1 మిగిలితే దాని కారణాంకం 641తోనూ 1 మిగలాలి, కాబట్టి చేత్తో చూడాలంటే 641తోనే చూడండి. 3⁴ = 81. 3⁸కు శేషం 151. తరవాతి వర్గాలకు వరసగా 366, −13, 169, 357. అంటే 3¹²⁸కు శేషం 357. 640 = 128 × 5 కాబట్టి, ఇక్కడికి 1 రాకపోతే ఇంకెన్ని సార్లు వర్గం చేసినా 1 రాదు. 3 పరీక్షలో 4294967297 పట్టుబడింది. పెపాన్ 1877లో ఫెర్మా సంఖ్యల కోసం ఇచ్చిన ఖచ్చితమైన పరీక్ష కూడా ఇలా వరసగా వర్గాలు చేసుకుంటూ పోయేదే, అందులోనూ సాధారణంగా 3నే వాడతారు.

అయితే మన సంఖ్య పూర్తి రూపం: 3 × 5 × 17 × 257 × 641 × 65537 × 6700417. ఏడు వేర్వేరు ప్రధానాలు, ఏదీ రెండోసారి రాలేదు. కాబట్టి భాజకాలు 2⁷, అంటే 128. వీటిలో 641, 6700417 తగలనివి 32. ఒకటిని పక్కన పెడితే 31. ఈ 31కి రేఖాగణితంలో గొప్ప స్థానం ఉంది. స్కేలు, వృత్తలేఖిని మాత్రమే వాడి గీయగల బేసి భుజాల క్రమ బహుభుజులుగా మనకు తెలిసినవి సరిగ్గా ఇవే: 3, 5, 15, 17, 51 ఇలా 4294967295 దాకా. గౌస్ 1796లో 17 భుజాల బొమ్మ సాధ్యమని కనిపెట్టాడు, ఇవి తప్ప వేరేవి కుదరవన్న వైపు రుజువు 1837లో వాంట్‌సెల్ ఇచ్చాడు. ప్రధానంలోంచి ఒకటి తీస్తే 2 ఘాతం మిగలాలన్నది షరతు. 641లోంచి ఒకటి తీస్తే 128 × 5. ఆ ఐదే అడ్డం. అందుకే మన సంఖ్యన్ని భుజాల క్రమ బహుభుజిని స్కేలు, వృత్తలేఖినులతో గీయడం కుదరదు.

కంప్యూటర్ పని చేసేవాళ్లు ఈ గదిలో చాలామందే ఉన్నట్టున్నారు, వాళ్లకు ఈ సంఖ్య రోజూ తగిలేదే. బైనరీలో రాస్తే ఇది వరసగా 64 ఒకట్లు. 64 బిట్ల గడిలో ప్లస్, మైనస్ గుర్తు లేకుండా పట్టే అతి పెద్ద పూర్ణాంకం. దీనికి ఒకటి కలిపితే గడి పొంగి సున్నా అవుతుంది, సున్నాలోంచి ఒకటి తీస్తే ఇది వస్తుంది. అందుకే లాగ్ ఫైల్లో ఫైలు సైజో, మిగిలిన సరుకు లెక్కో 18446744073709551615 అని కనిపిస్తే నిజంగా అంత ఉందని కాదు. ఎక్కడో −1 వచ్చి గుర్తు లేని గడిలో కూర్చుంది. వెతకవలసింది తీసివేత జరిగిన చోట. గుర్తు లేని లెక్కింపు చరరాశిని సున్నా దాకా తగ్గిస్తూ ‘సున్నా కన్నా తక్కువ కానంత వరకు’ అని లూప్ రాస్తే అది ఎప్పటికీ ఆగదు, కారణం ఇదే.

దశాంశ గణనలో ఇంకో ప్రమాదం. మామూలు 64 బిట్ల ఫ్లోటింగ్ పాయింట్‌లో అంకెలకు దొరికేది 53 బిట్లే. 2⁶⁴కు కాస్త దిగువన పక్కపక్క విలువల మధ్య ఎడం 2048. మన సంఖ్యను అందులో పెడితే దగ్గరగా ఉన్న 2⁶⁴ దగ్గరకు జరిగిపోతుంది. జావాస్క్రిప్ట్ దాన్ని 18446744073709552000 అని చూపిస్తుంది. ఎక్సెల్‌లో టైపు చేస్తే పదిహేను అంకెలు ఉంచుకుని మిగతావి సున్నాలు చేసి 18446744073709500000 అంటుంది. సంఖ్య కారణాంకాలు, శేషాలు చూడాలనుకునేవాళ్లు ఇలా పాడైన సంఖ్య మీద లెక్క మొదలుపెడితే ఒక్క జవాబూ సరిగా రాదు. పైథాన్‌లో చేయండి. కానీ 2.0 అని చుక్కతో రాయకండి, రాశారంటే అక్కడా అదే గతి. ప్రోగ్రాముల మధ్య పంపేటప్పుడు సంఖ్యగా కాక అక్షరాల వరసగా పంపండి.

ఇందాకటి కారణాంకాలు కంప్యూటర్‌లో ఏ రూపంలో ఉంటాయో చూడండి, ముచ్చటగా ఉంటుంది. మన సంఖ్యను 3తో భాగిస్తే 6148914691236517205. దశాంశంలో అర్థం లేని అంకెలే, బైనరీలో మాత్రం 01 అన్నది ముప్పై రెండు సార్లు. 5తో భాగిస్తే 0011 పదహారు సార్లు. 17తో భాగిస్తే 00001111 ఎనిమిది సార్లు. 257తో భాగిస్తే ఎనిమిది సున్నాలు, ఎనిమిది ఒకట్లు, మళ్లీ అలాగే. 64 బిట్లలో ఎన్ని ఒకట్లున్నాయో లెక్కపెట్టే పేరున్న పద్ధతి ఈ జల్లెడల మీదే నడుస్తుంది. మొదట 01 జల్లెడతో పక్కపక్క బిట్లను జతలుగా కూడతాం, తరవాత 0011తో జతలను నాలుగేసిగా, ఆపై 00001111తో బైట్లుగా. ఇప్పుడు ఎనిమిది బైట్లలో ఎనిమిది చిన్న మొత్తాలుంటాయి. వాటిని 72340172838076673తో హెచ్చవేసి పై ఎనిమిది బిట్లు తీసుకుంటే మొత్తం జవాబు. ఆ హెచ్చవేత సంఖ్య ఎక్కడిది? మన సంఖ్యను 255తో, అంటే 3 × 5 × 17తో భాగిస్తే వచ్చేదే. మొత్తం 64 దాటదు, ఎనిమిది బిట్లలో పడుతుంది కాబట్టి పొంగిపోయే భయం లేదు. 641, 6700417 ఇలాంటి జల్లెడలేవీ ఇవ్వవు.

ఇంకొక్క ప్రశ్న, రామానుజన్‌తో ముడిపడినది. మన సంఖ్య త్రిభుజ సంఖ్య అవుతుందా? అంటే 1 + 2 + 3 అని కూడుకుంటూ పోతే ఎక్కడైనా సరిగ్గా ఇది వస్తుందా? ఒక సంఖ్యను 8తో హెచ్చవేసి 1 కలిపితే పూర్ణ వర్గం రావాలి, అదీ గుర్తు. మన సంఖ్యకు ఆ లెక్క 2⁶⁷ − 7. 2 ఘాతంలోంచి 7 తీస్తే పూర్ణ వర్గం ఎప్పుడెప్పుడొస్తుందన్న ప్రశ్నను రామానుజన్ 1913లో వేశాడు. ఘాతాంకం 3, 4, 5, 7, 15 అయినప్పుడు వస్తుంది, వర్గమూలాలు 1, 3, 5, 11, 181. ఇవి తప్ప లేవని నార్వే గణితజ్ఞుడు నాగెల్ 1948లో నిరూపించాడు. కాబట్టి 4095, అంటే 2¹² − 1, త్రిభుజ సంఖ్యే (90 దాకా కూడితే వస్తుంది), మన సంఖ్య మాత్రం కాదు. 67 ఒక్కదానికైతే అంత పెద్ద సిద్ధాంతం కూడా అక్కర్లేదు, 19తో భాగించి చూడండి. 2¹⁸కు శేషం 1, కాబట్టి 2⁶⁷ అంటే 2¹³, దాని శేషం 3. మూడులోంచి ఏడు తీస్తే −4, అంటే 15. ఏ వర్గాన్ని 19తో భాగించినా శేషం 0, 1, 4, 5, 6, 7, 9, 11, 16, 17లో ఒకటే వస్తుంది. 15 అందులో లేదు. 3, 5, 7, 11, 13, 17 ఏవీ ఈ సంగతి పట్టుకోలేవు, ప్రయత్నించి చూడండి. 19 దగ్గరే దొరుకుతుంది.

చివరగా, మన సంఖ్యకు రెండు కలపండి. 18446744073709551617 వస్తుంది. ఇది తరవాతి ఫెర్మా సంఖ్య, 2⁶⁴ + 1. ఇందాక చెప్పిన నియమం ప్రకారం దీని ప్రధాన కారణాంకాలు 256 గుణిజాల కన్నా ఒకటి ఎక్కువగా ఉండాలి. 641కు 128ను ఐదు సార్లు తీసుకుంటే సరిపోయింది. ఇక్కడ 256ను 1071 సార్లు తీసుకోవాలి: 274177. రెండో కారణాంకం 67280421310721. ఫ్రాన్స్‌కు చెందిన లాండ్రీ 1880లో, ఎనభై రెండేళ్ల వయసులో, చేతి లెక్కతో దీన్ని ప్రకటించాడు. ఈ రెండిటినీ మన ఏడు ప్రధానాలతో కలిపి హెచ్చవేస్తే 2¹²⁸ − 1, తొమ్మిది ప్రధానాలు, 512 భాజకాలు. 3తో పరీక్ష 274177 మీద ఎలా నడుస్తుందో ఇంటికెళ్లి వేసి చూడండి. 274176ను 2తో భాగించగలిగినంత భాగించి, ఎన్ని వర్గాల దగ్గర ఆగాలో ముందు తేల్చుకోండి. ప్రశ్నలుంటే అడగండి.